బొగ్గుల కింద దాచిన చిరుతలు

మంగళవారం, శుక్రవారం బడి నుంచి వచ్చే దారిలో ఫిజియోథెరపీకి పోతాను. పాతికేళ్ళు నల్లబల్ల మీద చెయ్యెత్తి రాసినందుకు నా మెడా, కుడి భుజమూ కలిసి నా మీద కక్ష కట్టాయి; తల దువ్వుకోవాలన్నా, పెనం మీద దోశ తిరగెయ్యాలన్నా ఇప్పుడు వాటి అనుమతి కావాలి. అక్కడ పనిచేసే అమ్మాయి నా కూతురి ఈడుది. చేతులకు నూనె రాసుకుని నా మెడ మీద వెయ్యగానే గుప్పున కర్పూరం వాసన లేస్తుంది. అంతే, కళ్ళు మూసుకున్నదాన్ని మూసుకున్నట్టే గోదావరిఖనిలో మా రెండు గదుల క్వార్టర్లో, బొగ్గుల పొయ్యి ముందర పోయి పడతాను. మొన్న శుక్రవారం ఆ పిల్ల నేను చెయ్యాల్సిన వ్యాయామాలన్నీ కాగితం మీద వరసగా రాసి, చివర్న 'రోజూ అరగంట ఇష్టమైన పాటలు వినాలి' అని కూడా రాసింది. పాట వింటుంటే నొప్పి మీద ధ్యాస తగ్గుతుందట, ఇప్పుడు డాక్టర్లందరూ అదే చెబుతున్నారట. నేను కాగితం వంకే చూస్తూ ఉండిపోతే, "ఏం మేడమ్, మీకు పాటలంటే ఇష్టం లేదా?" అని అడిగింది. ఇష్టమేనన్నాను. ఒళ్ళంతా నొప్పులతో ఉన్న ఒక మనిషి దగ్గర్నుంచి పాటను లాక్కున్నవాళ్ళలో నేనూ ఒకదాన్నని, ఆ మనిషి మా బాపేనని ఆ పిల్లకు ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పను?

ఎనభైల్లో మా కాలనీ పొగతోనే నిద్రలేచేది. కంపెనీ ఇచ్చే బొగ్గు ఓ పట్టాన అంటుకోక, ఇంటింటా అవ్వలు విసనకర్రలతో విసిరీ విసిరీ, పొయ్యినీ కోడలినీ కలిపి తిట్టుకుంటుంటే, బారులు తీరిన క్వార్టర్ల మీద బూడిదరంగు దుప్పటి పరుచుకునేది. ఆ పొగలోంచే మొదటి షిఫ్టు సైరన్ కూసేది, ఆ పొగలోంచే సద్దిగిన్నె సైకిలుకు తగిలించుకున్న మగవాళ్ళు ఒక్కొక్కరే మాయమయ్యేవారు. మధ్యాహ్నం భూమి లోపల ఎక్కడో మందు పేల్చేవాళ్ళు. గూట్లో గిన్నెలన్నీ ఒక్కసారి గలగలమనేవి. మా అవ్వ, అంటే మా అమ్మ, వాటి వంక చూడకుండానే "రెండైంది" అనేది. మా వైపు తల్లిని అవ్వ అనీ, తండ్రిని బాపు అనీ పిలుస్తాం. ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి తెల్లగా ఉంటే ఒట్టు. ఎండాకాలంలో పైన ఎండా కింద బొగ్గూ పోటీలు పడి మమ్మల్ని కాల్చేవి. వానాకాలంలో నల్లటి బురద మోకాళ్ళ దాకా అంటుకుని బడిలో పంతులమ్మతో తిట్లు తినిపించేది. ప్రతి క్వార్టర్ వెనకా నడుమెత్తు ఇటుకల గూడొకటి ఉండేది, ఇంటి బొగ్గు పోసుకోవడానికి. పైన తీసి వాడుకునేవాళ్ళం, పైనే పోసేవాళ్ళం. దాని అడుగు ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళు కాలనీలో లేరు. ఈ గూడు సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మా బాపు పేరు రాజలింగం, కాలనీకంతా లింగన్న. మంథని పక్కన పల్లెలో రెండెకరాల చెల్క, అది వానకు ఎదురుచూసీ చూసీ విసిగిపోతే, దానికంటే ముందే విసిగిపోయి బాయి పనికి వచ్చినవాడు. మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటారు. తట్టతో బొగ్గు మోసి టబ్బులు నింపడం ఆయన పని. షిఫ్టు దిగి వచ్చేసరికి కళ్ళూ పళ్ళూ తప్ప మిగతాదంతా బాయిదే. పెరట్లో బండ మీద నాలుగు బకెట్లు గుమ్మరించుకుంటే నల్లనీళ్ళు కాలువకట్టేవి, ఆ కాలువలో నేను కాగితం పడవలు వదిలేదాన్ని. అప్పుడు మా బాపు బయటపడేవాడు. వరండాలో చాప మీద బోర్లా పడుకుని "ఎక్కుండ్రి" అనేవాడు. నేనూ, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడైన మా సమ్మన్నా వంతులవారీగా ఆయన వీపు మీద నడిచేవాళ్ళం. ఊరికే నడవడం కుదరదు. బాపు కింద నుంచి ఏదో ఒక పాట కూనిరాగం తీసేవాడు, దానికి సరిగ్గా అడుగు పడాలి. తప్పితే ఊరుకునేవాడు కాదు. "తాళం తప్పినవ్ బిడ్డా, మల్ల మొదటి నుంచి" అనేవాడు. నాకు తెలిసిన తాళం ఏమైనా ఉంటే అది మా బాపు వెన్నుపూస మీద పాదాలతో నేర్చుకున్నదే.

బాపు చిరుతల ఆటగాడు. చిరుతలంటే అడవిలో తిరిగేవి అనుకునేరు. జానెడు పొడుగు టేకు చెక్కలు, మధ్యలో చిన్న చిన్న ఇత్తడి బిళ్ళలు. వేళ్ళ మధ్య ఇరికించుకుని ఆడిస్తే చెక్క చప్పుడూ, బిళ్ళల మోతా ఒకేసారి పలుకుతాయి. పదిహేను ఇరవైమంది కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ, వాటిని వాయిస్తూ కథ ఆడతారు. దసరాకు ఆట కట్టాలంటే తొలి వానలు పడ్డప్పుడే నేర్వడం మొదలయ్యేది. మొదటి షిఫ్టు దిగి, ఇంత తిని, పొద్దు వాలేవేళకు నీళ్ళ ట్యాంకు పక్కన ఖాళీ జాగాలో అందరూ చేరేవారు. పక్కనే ఎవరో ఒకరు కుంపటి పెట్టి మక్కకంకులు కాల్చేవారు. ఆ కంకుల వాసన, తడిసిన నేల వాసన, చెమట వాసన, సైకిలు దుకాణం ఖాజా చాచా ఢోలక్‌కు తోలు మీద నాదం కోసం పూసిన మసాలా వాసన అన్నీ కలిసి నాకు ఇప్పటికీ దసరా వాసనంటే అదే. ఖాజా చాచా ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, దుకాణంలో తెలుగు మాట్లాడేవాడు, ఢోలక్ పట్టుకుంటే నోరే విప్పేవాడు కాదు. మేం ఆడపిల్లలం ఓ పక్కన కచ్చకాయలు ఆడుతూ, చేతిలో కాయ పైకెగిరినప్పుడు ఆట వంక చూసి, చూస్తూ చూస్తూ కాయలన్నీ పోగొట్టుకునేవాళ్ళం. బతుకమ్మ తొమ్మిది రోజులూ సత్తుపిండి, మలీద ముద్దలు కొంగున కట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు, రాజు వేషంలో మా బాపు కొడుకును పోగొట్టుకుని ఏడ్చే చోట ఆ కొంగులతోనే కళ్ళు తుడుచుకునేవారు. ఇంటికొచ్చాక అవ్వ ముక్కు చీదుతూనే, "ఇంట్ల కొడుకు పదోతరగతి తప్పినా గంత ఏడ్వకపోతివి" అని దెప్పేది.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడు, శ్రావణంలో, బాయిలో పైనుంచి బండ జారి బాపు నడుము మీద పడింది. ప్రాణం దక్కింది, అదే పదివేలనుకున్నాం. మూడు నెలలు దవాఖానలో ఉండి, వెదురుబద్దలా సన్నగా అయి ఇంటికొచ్చాడు. వచ్చిన రోజు నేను అలవాటు కొద్దీ వీపు ఎక్కబోతే అవ్వ నా చెయ్యి పట్టి గుంజిన గుంజుడు నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఆ వీపు మీద ఎవ్వరం ఎక్కలేదు.

నొప్పి అంటే దెబ్బ తగిలినప్పుడు ఉండి, తర్వాత పోయేదని అప్పటిదాకా నా లెక్క. బాపుకు వచ్చింది పోయేది కాదు. పావుగంట కూర్చుంటే నడుము ఊరుకోదు, నిలబడితే కాళ్ళు ఊరుకోవు, పడుకుంటే ఎటు తిరగాలో తెలియదు. అవ్వ పొయ్యిలో ఇటుక కాల్చి, పాతచీర పేలికలో చుట్టి ఇచ్చేది, నేను కర్పూరం వేసి కాచిన నూనె రాసి, ఆ ఇటుకతో కాపడం పెట్టేదాన్ని. బాపు కిక్కురుమనేవాడు కాదు. నొప్పి ఎక్కువైతే కింది పెదవి లోపలికి పోయేది, అంతే. కంపెనీవాళ్ళు దయతలచి ఆయనకు బాయి పైన తేలికపని ఇచ్చారు, లాంప్ రూమ్‌లో కిటికీ దగ్గర నిలబడి షిఫ్టుకు దిగేవాళ్ళకు తలదీపాలు అందించడం. ఆ పనిలో బరువు లేదు గానీ ఎనిమిది గంటలూ నిలబడాలి. పైగా అది కొంతకాలానికే, ఎప్పుడైనా మళ్ళీ లోపలికి దిగమనవచ్చు.

ఇక ఆట సంగతి అయిపోయిందనుకున్నాం. గుండ్రంగా తిరగడం, గజ్జె కట్టడం బాపు వల్ల అయ్యే పని కాదు. కానీ మరుసటి వానాకాలం ట్యాంకు దగ్గర ఢోలక్ మోగిన మొదటి సాయంత్రమే, నా భుజం ఆసరాగా పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళి, కరెంటు స్తంభానికి వీపు ఆనించి నిలబడి, చేతుల్లో చిరుతలు ఆడించాడు. చేతులు మాత్రమే. ఒక్క పాట, రెండు పాటలు, మూడు. నేను ఆయన మొహం వంకే చూస్తున్నాను. లోపలికి పోయిన పెదవి బయటికొచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు, "నొప్పి పోయిందా బాపూ?" అని అడిగాను. "పోదు బిడ్డా. పాట మొదలువెట్టంగనే అది సుత జర పక్కకు జరిగి కూసుండి వింటది" అన్నాడు. నొప్పికి కూడా పాటలంటే ఇష్టమన్నమాట అని నేను చాలా సంతోషపడ్డాను. ఆ ఏడాదంతా ఆయన బతికింది ఆ సాయంత్రాల కోసమే. ఇప్పుడు నా మెడ నన్ను పీడిస్తుంటే అది నాకు ఇంకా బాగా అర్థమవుతోంది.

ఈలోగా మా ఇంట్లో ఒక్కటే మాట, మెడికల్ అన్‌ఫిట్. పెద్ద దవాఖానలో డాక్టర్ల బోర్డు చూసి ఈ మనిషి పనికి రాడని రాసిస్తే, మనిషికి విశ్రాంతి, ఆ కొలువు కొడుక్కు. సమ్మన్నకు పంతొమ్మిదేళ్ళు, పదో తరగతి రెండుసార్లు తప్పి, ఖాజా చాచా దుకాణంలో పంక్చర్లు వేస్తున్నాడు. కానీ అవ్వకు కొడుకు కొలువు కంటే పెద్ద బెంగ ఇంకొకటి ఉండేది. "గా నడుముతోటి మల్ల బాయిల దిగితె నాకు మనిషి దక్కడు" అని రోజుకోసారన్నా అనేది.

కాలనీలో బోర్డుకు పోయేవాళ్ళకు ముందే తర్ఫీదు ఇవ్వడం ఓ ఆచారం. మా వరసలో చివరి క్వార్టర్ ఓదెలు కాక ఆ విద్యలో గురువు. ఆయన మూడేళ్ళ కిందటే నడుము నొప్పి కింద అన్‌ఫిట్ అయి, కొడుకును కొలువులో పెట్టించి, ఇప్పుడు రోజూ పొద్దున్నే సైకిలు తొక్కుకుంటూ గోదావరికి పోయి చేపలు పట్టి వచ్చేవాడు. ఆయన నడుముకు ఏమీ లేదని కాలనీకంతా తెలుసు. ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కారు. బాయిలో ఇరవై ఏళ్ళు వంగినవాడు ఆ మాత్రం చేసుకోవద్దా అనుకునేవారు. ఆయనే మా వాకిట్లోకి వచ్చి మా బాపుకు నొప్పి నేర్పించాడు.

"ఎడమ కాలు ఈడ్చాలె లింగన్నా. కుర్సీల నుంచి జల్ది లేవద్దు, మోకాలు పట్టుకొని లేవాలె. డాక్టర్ వంగుమంటడు. సగంల ఆగి 'అవ్వో' అని ఒర్రాలె."

"వంగితె నొస్తది ఓదెలూ, కాని నాకు ఒర్రబుద్ది కాదు."

"నీకు నొస్తదని నాకెరుకే. డాక్టర్‌కు ఎట్ల ఎరుకైతది? కనవడాలె గదనే!"

ఓదెలు కాక నడుము పట్టుకుని వాకిలంతా కుంటి చూపించేవాడు. ఎంత బాగా కుంటేవాడో, చూసేవాళ్ళకే నడుము లాగేది. తర్వాత బాపు నడిచేవాడు, తన మామూలు నడక, కాస్త వంకరగా, చప్పుడు లేకుండా. కాక తల కొట్టుకునేవాడు. లోపలినుంచి అవ్వ, "నొప్పి లేనోనికి నడక వచ్చె, నొప్పి ఉన్నోనికి రాకపాయె" అనేది. అందరం నవ్వేవాళ్ళం, బాపు కూడా నవ్వేవాడు. వేషం కట్టి కాలనీ మొత్తాన్ని ఏడిపించిన మనిషి, సొంత నొప్పిని నటించమంటే సిగ్గుపడిపోయాడు.

బోర్డుకు బాపును సమ్మన్నే తీసుకెళ్ళాడు. సాయంత్రం బస్సు దిగి వచ్చాక అవ్వ మంచినీళ్ళిస్తే తాగకుండానే జరిగిందంతా చెప్పాడు. దవాఖాన వరండాలో బల్ల మీద పిలుపు కోసం కూర్చున్నారట. కాంపౌండరు గదిలో రేడియో మోగుతోందట. బాపు వేళ్ళు తొడ మీద తాళం వేస్తున్నాయట. డాక్టరు బయటికొచ్చి అది చూసి, లోపలికి పిలిచాక, "ఏం పెద్దాయనా, పాటగాడివా?" అని అడిగాడట. కాక నేర్పిందంతా గాలికి పోయింది. మా బాపు మొహం వెలిగిపోయి, చిరుతల ఆట గురించి, ఖాజా భాయ్ ఢోలక్ గురించి చెప్పి, రెండు చేతులతో గాలిలో వాయించి కూడా చూపించాడట. డాక్టరు నవ్వుతూ విని, నడుము నొక్కి చూసి, ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఇంగ్లీషులో ఏదో రాసి ఇచ్చాడట. బయట బంట్రోతు కాగితం చూసి, "ఇప్పుడు కాలె, మల్ల రావాలె" అన్నాడట.

ఓదెలు కాక అప్పటికే మా గడపలో ఉన్నాడు. కాగితం తిప్పి చూసి, ఇంగ్లీషు కాబట్టి మడిచి అవ్వకిచ్చేశాడు. "ఖతమన్నా. పాట నీ కొంప ముంచింది. నొప్పి ఉన్నోడు ఎవడన్న డాక్టర్ ముంగట తాళమేస్తడా?" అన్నాడు. ఆ మాటకు ఎవ్వరం ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పాలని తోచలేదు కూడా, అంత సరిగ్గా ఉంది ఆ మాట. అవ్వ ఆ కాగితాన్ని ఇనప పెట్టె అడుగున పెట్టింది. కాక తీర్పు ఇంకా మిగిలే ఉంది: "ఇగ రెండేండ్లు ఆగు. గా డాక్టర్ మారాలె, నీ మొఖం మర్సిపోవాలె. అప్పటిదాంక పాటకాడ నిన్ను ఎవ్వడు సూడద్దు. సూసి అర్జీ రాస్తె, జిందగీల కాదు."

మరునాడే ఇంట్లో రేడియో మా మేనమామ ఊరికి పోయింది. అవ్వ చిరుతల జత తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "ఏడన్న దాయి. ఏడ దాసినవో నాకు సుత చెప్పకు. ఆయన అడిగితె నేను నిజంగనే తెల్వదని చెప్పాలె" అంది. మొగుడికి అబద్ధం చెప్పడం ఇష్టం లేక, ఆ అబద్ధాన్ని నాకు అప్పగించింది పాపం. నాకు మాత్రం అప్పుడు గర్వంగానే ఉండింది. పదేళ్ళ దాన్ని నమ్మి ఇంటి రహస్యం ఇచ్చారు మరి. సిమెంటు సంచి కాగితంలో చుట్టి, పెరట్లో బొగ్గుగూట్లో మూల నుంచి తవ్వుకుంటూ పోయి, అట్టడుగున పెట్టి, పైన మళ్ళీ బొగ్గులు కప్పేశాను.

ఆ వానాకాలం ట్యాంకు దగ్గర ఢోలక్ మోగితే, బాపు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. దుప్పటి కింద కాలివేళ్ళు మాత్రం కదిలేవి. ఓసారి పక్కింటివాళ్ళు మాటలకొచ్చి కూర్చుంటే, అవ్వ మెల్లగా లేచి, చలికాలం కోసం మడతపెట్టి ఉంచిన బొంత తెచ్చి ఆ కాళ్ళ మీద ఇంకో పొరగా కప్పింది. చలికి కాదని నాకూ తెలుసు, బాపుకూ తెలుసు. వేళ్ళు ఆగిపోయాయి. కొన్నాళ్ళకు ఖాజా చాచా వచ్చాడు. బాపు చెయ్యి పట్టుకుని, "ఢోలక్ ఆవాజ్ ఇంటె నీ పానం ఆగది లింగం భాయ్. ఫికర్ జెయ్యకు, జాగ మారుస్తం" అన్నాడు. మంచికే అన్నాడు. నేర్చుకునే చోటును కాలనీ అటు చివరికి మార్చేశారు. ఇక మా ఇంటికి మోత కూడా వినబడలేదు. పీర్ల పండుగకు వీధిలో డప్పులు వచ్చినా అవ్వ తలుపులు మూసేది, దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి వచ్చినవాళ్ళతో బాపు మంచం మీదనుంచే మాట్లాడేవాడు. అందరం ఆయన మీద ప్రేమతోనే ఉన్నాం. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ రెండేళ్ళలో బాపు నన్ను ఒక్కసారే అడిగాడు. వాన పడుతున్న సాయంత్రం, అవ్వ నీళ్ళకు పోయింది. ఇటుక కాపడం పెడుతున్నాను. ఆ రోజు లాంప్ రూమ్‌లో రెండు షిఫ్టులు వరసగా నిలబడి వచ్చాడు, పెదవి పూర్తిగా లోపలికి పోయి ఉంది.

"చిరుతలు ఏడున్నయి బిడ్డా?" అన్నాడు గోడ వైపు తిరిగే. నేను ఇటుకకు పేలిక సర్దాను. "వాయించ. ఊకెనే పట్టుకుంట. ఒక్క గడియ పట్టుకొని ఇచ్చేస్త."

"తెల్వది బాపూ" అన్నాను.

వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయింది. నేను ఇటుక ఇంకో పక్కకు తిప్పాను. ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగాడు, ఇంకెప్పుడూ అడగలేదు.

కాక చెప్పినట్టే రెండేళ్ళు ఆగి, కొత్తగా ఎక్స్‌రే తీయించుకుని మళ్ళీ బోర్డుకు పోయారు. ఈసారి తర్ఫీదు అవసరం పడలేదు. బాపు ఎడమ కాలు ఈడుస్తూనే ఉన్నాడు, మోకాలు పట్టుకునే లేస్తున్నాడు, మొహంలో నవ్వు లేదు, వేళ్ళలో తాళం లేదు. ఓదెలు కాక నేర్పిన నడక మా బాపుకు నిజంగానే వచ్చేసింది. అన్‌ఫిట్ ఇచ్చారు. కొన్నాళ్ళకు సమ్మన్నకు కొలువైంది. అన్న మొదటిసారి డ్యూటీకి పోయిన రోజు అవ్వ పరమాన్నం వండింది, కాక గోదావరి నుంచి ఇంతపొడుగు చేప తెచ్చిచ్చాడు, ఇల్లంతా సంబరంగా ఉంది.

నేను ఆ సంబరంలో పెరట్లోకి ఉరికి, బొగ్గుగూటిని రెండు చేతులా తవ్వాను. మోచేతుల దాకా నల్లగా, పట్టరాని సంతోషంతో చిరుతలు తెచ్చి బాపు ఒళ్ళో పెట్టాను. రెండు వానాకాలాల తడి పీల్చి చెక్కలు ఉబ్బి ఉన్నాయి, ఒకదానికి బీట పడింది, బిళ్ళలు నల్లబడ్డాయి. బాపు వాటిని ఎవరివో వస్తువుల్లాగా అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్కసారి కొట్టాడు. టప్ అంది. బిళ్ళ పలకలేదు.

"ఏడ దాసినవ్ బిడ్డా?"

"బొగ్గుల కింద."

"బొగ్గులనా!" అని చిన్నగా నవ్వాడు. "నా తాననే దాసినవ్ గద, నాకే ఎరుక కాకపాయె" అని వాటిని తీసి గోడ గూట్లో పెట్టేశాడు.

ఆ ఆదివారం సాయంత్రం ఖాజా చాచా ఢోలక్ మా వరండాకే తెచ్చాడు. బాపు కోసమే, ఎంత బాగా వాయించాడో. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. నేను మాత్రం బాపు కాలివేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఒక్కటైనా కదులుతుందని. కదల్లేదు. అయిపోయాక బాపు, "మస్తు కొట్టినవ్ భాయ్" అని, కాసేపటికి, "మునుపు నువ్ కొడితె నొప్పి పక్కకు జరిగేది. ఇప్పుడు జరుగుతలేదు" అన్నాడు. చాచా ఢోలక్ ఒళ్ళో పెట్టుకుని దాని తోలు మీద అరచెయ్యి ఆనించాడు. ఏళ్ళు గడిచి నొప్పే ముదిరిందేమో, పాట ఉన్నా అంతే అయ్యేదేమో నాకు తెలియదు. అట్లా అనుకుంటే నాకు కొంచెం తేలికగా ఉంటుంది, అందుకే ఆ మాట మీద నాకు నమ్మకం లేదు.

ఆ తర్వాత బాపు పదకొండేళ్ళు బతికాడు. విశ్రాంతిగానే బతికాడు, మళ్ళీ బాయి దిగలేదు, అవ్వ కోరుకున్నట్టే మనిషి దక్కాడు. కానీ ఏ పాటకూ చెవి ఒగ్గలేదు. ఆయన పోయాక, ఆ వరస క్వార్టర్లు ఖాళీ చెయ్యాల్సివచ్చినప్పుడు, ఇనప పెట్టె సర్దుతుంటే అడుగున ఆ మొదటి బోర్డు కాగితం దొరికింది. అప్పటికి నేను పంతులమ్మనయ్యాను, ఇంగ్లీషు వచ్చు. నిలబడే చదివాను. ఎక్స్‌రే పాతది, స్పష్టంగా లేదు, కొత్తది తీయించి రెండు నెలల తర్వాత తీసుకురావాలి. అంతే రాసి ఉంది. పాట ఊసే లేదు అందులో. రెండు నెలలు. మేము రెండేళ్ళు ఆగాం, ఆయన్ని లాంప్ రూమ్‌లో నిలబెట్టి, ఇంట్లో గోడ వైపు తిప్పి.

సమ్మన్న చేత కూడా చదివించాను. ఒక్కో ముక్కా కూడబలుక్కుని చదివి, నేల మీద కూలబడ్డాడు. "ఆ పొద్దు నేను ఇంటికొచ్చి పాట ముచ్చట చెప్పకపోతె బాగుండు గదనే" అన్నాడు. నేను వాడి పక్కనే కూర్చున్నాను. అవ్వకు మాత్రం ఇద్దరం ఆ సంగతి చెప్పలేదు, ఆమె పోయేదాకా.

ఇప్పుడు ఆ వరసలు లేవు, ఆ నేలే లేదు. ఓపెన్‌కాస్ట్ అనే, పైనుంచే నేలంతా తవ్వేసే గనిలో మా వాకిలి ఉన్నచోట గాలి తప్ప ఏమీ లేదు. నీళ్ళ ట్యాంకు లేదు, పొగ లేదు, ఇటుకల గూళ్ళు లేవు, గిన్నెలు గలగలమంటే టైము చెప్పే మా అవ్వ లేదు. ఖాజా చాచా దుకాణంలో వాళ్ళ మనవడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. దసరా వస్తుంది, పెద్ద పెద్ద పెట్టెల్లోంచి గుండె అదిరే చప్పుడూ వస్తుంది, చిరుతల మోత మాత్రం రాదు.

ఆ పిల్ల రాసిచ్చిన కాగితం ప్రకారం నేను రోజూ అరగంట పాటలు వింటున్నాను. మెడ కింద వేడినీళ్ళ సంచి పెట్టుకుని, తలుపు దగ్గరకు వేసుకుని. బాపు చెప్పింది నిజమే. నొప్పి పోదు, కానీ కాస్త పక్కకు జరుగుతుంది. అది జరిగిన ప్రతిసారీ నాకు దుఃఖం ఆగదు.

చిరుతలు నా దగ్గరే ఉన్నాయి. బీరువాలో రెండో అరలో, పట్టుచీరల వెనక, తెల్లటి తువ్వాలులో చుట్టి. ఎన్నిసార్లు తుడిచినా బొగ్గు నలుపు పోలేదు. ఎక్కడున్నాయో నాకు బాగా తెలుసు. అడిగే మనిషే లేడు.